మల్లెపువ్వుకే అనుమతి

చిన్నకర్మ రోజు

ప్రింటరు గదిలో ఏ రోజు ఏం జరిగిందో ఆ రోజే రాసిపెట్టాలని నియమం. మొన్నటిదాకా మా ఆయన మాల్యాద్రి రాసేవాడు. ఆయన రాసినవి తిరగేశాను. ‘గరిటె. మేకులు. గాలిగొట్టానికి మూత. అనుమతి ఇచ్చాను.’ అంతే. నాతో కాపురం చేసిందీ ఇంచుమించు అన్ని మాటలతోనే. నాకు అంత పొదుపు చేతకాదు. రాసే పని నా నెత్తిన పడింది కాబట్టి నాకు వచ్చినట్టే రాస్తాను. ఇదేం రాతే వెంగమ్మా అని కసిరే మనిషి లేడు.

ఆయన ఈ గదిలో, ఈ కుర్చీలోనే పోయాడు. మరమ్మతులు చూసే యోహాను చీపురు ప్రింటు తీయించుకుందామని వచ్చి, ‘బావా’ అని పిలిచి, పలక్కపోతే భుజం మీద చెయ్యేశాడట. అప్పటికే ఒళ్లు చల్లబడి ఉంది. గుండె ఆగిందన్నాడు డాక్టరు.

అప్పట్నుంచీ గది మూసే ఉంది. ఇవాళ చిన్నకర్మ అయ్యాక తాళం తీయించి లోపలికి వచ్చాను. నా వెనకాలే జనం. గిన్నె పగిలినవాళ్లు, గొట్టం బీటలిచ్చినవాళ్లు, అందరూ నా మొహం చూసి ఏమీ అడగలేక ఆగినవాళ్లే. గిన్నెల ప్రోగ్రాం తెరిచాను. ప్రింటరు తన ఆడగొంతుతో, ‘గిన్నెల ప్రోగ్రాం ప్రింటరును వాడుకోవాలనుకుంటోంది. అడ్మిన్ అనుమతి లేదు. దయచేసి అడ్మిన్‌ను పిలవండి’ అంది. మేకులు తెరిచాను. అదే మాట. మూతలకూ అదే, మందులకూ అదే.

"యాడనుంచి పిలవమంటావే?" అన్నాను దాంతో.

అనుమతి పలక మీద నా చెయ్యి పెట్టి చూశాను. ఆ పలకకు ఒక్క చెయ్యే తెలుసు. ఆ చెయ్యి పోయింది.

"అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు" అంది వెనకనుంచి మా వదిన రాఘవమ్మ, దగ్గుతూ. మా ఆయనకు అక్క ఆవిడ. తమ్ముడు పోయిన దుఃఖంలో కూడా ఆ నోటికి సెలవు లేదు.

అందరూ వెళ్లాక చూశాను. ప్రింటరు కింద తట్టలో మల్లెపువ్వులున్నాయి. మూసిన గదిలో, మనిషి లేని గదిలో, రోజుకొకటి చొప్పున పడ్డాయి. అవి మా హైమ పువ్వులు. హైమ మా ఒక్కగానొక్క కూతురు. బోరు గోడ విరిగిపడి పోయి రెండేళ్లు దాటింది. అది రాసిపెట్టిన ప్రోగ్రాం నుంచి రోజూ పొద్దున ఒక పువ్వు మా ఆయన తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. తనే చెయ్యి పెట్టి తీయించి తెస్తున్నాడని అనుకునేదాన్ని. మరి ఆయనే లేనప్పుడు వీటికి అనుమతి ఎవరిచ్చారు?

పువ్వులు కొంగులో మూటగట్టుకుని ఇంటికి వచ్చేశాను. నాకు భయమేసింది.

ఆ మర్నాడు

యోహానును పిలిచాను. ప్రింటరు పక్క రేకు విప్పి, తల లోపల పెట్టి చాలాసేపు వెతికాడు. బయటికి వచ్చి నా కళ్లలోకి చూడకుండా చెప్పాడు.

"అక్కా, బావ ఒకే ఒక్క ప్రోగ్రాంకి శాశ్వతంగా అనుమతి ఇచ్చి పెట్టాడు. దాన్ని ఇది అడగదు, ఆపదు. పొద్దున్నే దానంతట అదే లేచి, పని చేసుకుని పడుకుంటది. మిగతా అన్నిటికీ ఎప్పటికప్పుడు అడగాల్సిందే."

"దేనికిచ్చాడు?"

"మన హైమ మల్లెపువ్వుకి."

ముందు కోపమొచ్చింది. మాల్యాద్రి సంగతి మా బోర్లపేటలో ఎవరిని అడిగినా చెబుతారు. చాలా ఏళ్ల కిందట చెప్పుల ప్రోగ్రాం ఒకటి ఎవరినీ అడక్కుండా ప్రింటరు ఎక్కి కూర్చుంది. పండగపూట అందరూ భజనలో ఉండగా చెప్పులు తీస్తూనే పోయింది. ప్రింటరులో పోసే పొడంతా చెప్పులైంది. వాటిని కరిగించి మళ్లీ పొడి చేసేలోగా గాలిగొట్టం పగిలింది. మూత తీయడానికి పొడి లేక ఇద్దరు మనుషులు పోయారు. ఆ ఏడాదిని ఇప్పటికీ చెప్పుల ఏడు అంటాం. ఆ తర్వాత పెట్టిన నియమమే ఇది: ఏ ప్రోగ్రాం ప్రింటరును ముట్టాలన్నా ప్రతిసారీ అడ్మిన్ చెయ్యి పలక మీద పడాలి.

ఆ చెయ్యి మా ఆయనది. సొంత అక్క గరిటె విరిగిందని వస్తే, ‘వరసలో నిలబడక్కా’ అన్న మనిషి. ‘దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు’ అని జనం మొహం మీదే అనేవాళ్లు. పట్టించుకునేవాడు కాదు. అటువంటివాడు చాటుగా తన నియమం తనే తప్పాడా అనిపించింది.

ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. యోహాను తేదీ చూసి చెప్పాడు. హైమ పెద్దకర్మ అయిన మర్నాడట.

అప్పుడు అర్థమైంది. పిల్ల బతికున్నప్పుడు పొద్దున్నే ప్రింటరు అడిగేది, ‘హైమ మల్లెపువ్వు ప్రింటరును వాడుకోవాలనుకుంటోంది. అనుమతిస్తారా?’ అని. ఆయన పలక మీద చెయ్యి పెట్టేవాడు, అది పక్కన నిలబడి చప్పట్లు కొట్టేది. పిల్ల పోయాక కూడా ఆ గొంతు రోజూ దాని పేరెత్తి అడుగుతుంటే వినలేకపోయాడు. ఒక్కసారే గట్టిగా చెయ్యి పెట్టి, ఇక నన్ను అడగొద్దని చెప్పేశాడు. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద పడుకుని నాతో ఈ ముక్క అనలేదు. అంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్లం కదా!

పువ్వు గురించి కూడా రాయాలి. హైమ ఇక్కడే పుట్టింది. మేం భూమిని ‘కింద’ అంటాం, తలెత్తి చూస్తే కనిపించేదే అయినా. కనిగిరి, పామూరు మెట్టల్లో నీళ్లు పడని చోట బోర్లు వేసి చేతులు కాయలు కాసినవాళ్లం. చంద్రుడి లోపల మంచు కోసం బోర్లు వేయాలంటే మమ్మల్నే రమ్మన్నారు. ఇక్కడ మంచు ఉంది, గాలి చేసుకుంటాం, పూలు మాత్రం లేవు. హైమ చదువుకునే రోజుల్లో ఒక మల్లెదండ బొమ్మ చూసి, ‘అమ్మా, కింద ఇవి తల్లో పెట్టుకుంటారా?’ అని అడిగింది. అవునన్నాను. ప్రోగ్రాం రాయడం నేర్చుకుంటూ మొట్టమొదట రాసింది ఆ మల్లెపువ్వే.

తెల్లటి పువ్వు. రేకులు ఎంత బాగా వంచిందో! కానీ అరచెయ్యంత ఉంది. బొమ్మలో పక్కన మనిషి వేలో, గాజో లేదు మరి. ఎంతుంటుందో దానికేం తెలుసు? ‘ఇట్టాగే ఉంటదా అమ్మా?’ అని నా మొహం చూస్తూ నిలబడింది. ‘అచ్చం ఇట్టాగే’ అన్నాను. ‘వాసన ఎట్టా ఉంటది?’ అంది. అది మాత్రం చెప్పలేకపోయాను. చెవి మీదకి వాలిపోయేంత పువ్వును పిన్నులతో కుట్టుకున్నట్టు పెట్టుకుని ఊరంతా తిరిగాను. ఇక్కడ పుట్టిన పిల్లలందరూ మల్లెపువ్వంటే అదేననుకుంటారు. రోజూ ఒకేలా రాకుండా ఒకరోజు రేకు ఎక్కువ, ఒకరోజు కాస్త వాలు ఉండేట్టు రాసింది. అందుకే దాని పువ్వు నాకు ఏ రోజూ పాతబడలేదు.

పెద్దకర్మ రోజు

ఇవాళ కూడా పొద్దున పువ్వు వచ్చింది. పెట్టుకున్నాను. కర్మకు కూర్చున్న ఆడవాళ్లలో ఒకావిడ, "ఇంకా పూవేందమ్మా, అతను పోయాక" అని గొణిగింది.

మా వదిన కూడా మొగుణ్ణి పోగొట్టుకున్నదే. ఆయాసపడుతూనే లేచింది. "ఒమే, అది మొగుడు తెచ్చిన పువ్వు కాదు, కూతురు ఇచ్చిన పువ్వు. దాన్ని తియ్యమనడానికి నువ్వెవరివే?" అంది. అన్నాక దగ్గు అందుకుంది. చాలాసేపటిదాకా ఆగలేదు.

నేను ఆవిడ వీపు రాస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఆవిడ నా పక్షాన మాట్లాడిన మాట అదొక్కటే.

ఆ దగ్గు ఎందుకో ఇక్కడ అందరికీ తెలుసు. బోరు వేస్తే లేచే దుమ్ము గాజుపొడి లాంటిది. అందుకని ఇక్కడున్న ప్రతివాళ్ల గొంతులోనూ డాక్టరు ఒక ఊపిరి జల్లెడ పెడతాడు. అది పూడుకుపోతే తీసి కొత్తది పెట్టాలి. కొత్తది ప్రింటరులోంచే రావాలి. మా వదిన జల్లెడ ఎప్పుడో మార్చాల్సింది. బోరు దిగే కుర్రాళ్లని ముందు పోనిచ్చి తను వెనక నిలబడింది. మా ఆయన పోవడానికి ముందురోజు, ‘ఇవాళ్టికి వరస అయిపోయింది, రేపు రా అక్కా’ అన్నాడట. ఆ రేపు వచ్చేసరికి ఆయనే లేడు.

భోజనాలయ్యాక పెద్దలు కూర్చున్నారు. కిందవాళ్ల జవాబు చదివారు. అడ్మిన్ హక్కు కబురులో పంపేది కాదట, ఏ దొంగ ప్రోగ్రామైనా మధ్యలో పట్టుకోవచ్చట. మనిషి స్వయంగా వచ్చి చెయ్యి కలిపి ఇవ్వాలి. ఆ మనిషి వచ్చే ఓడకి ఇంకా నెలలు పడుతుంది.

"మరి రెండో అడ్మిన్ ఉండాలి కదా, లేరా అని అడిగారు" అన్నాడు యోహాను చివర్లో.

ఉండాలి. నియమంలో అదీ ఉంది. అడ్మిన్ బతికుండగానే ఇంకొకరి చెయ్యి తన చెయ్యి కింద పెట్టించి పలకకు పరిచయం చేయాలి. మావాళ్లు దానికి ‘అప్పగింత’ అని పేరు పెట్టుకున్నారు. పేరు పెట్టాక ఇక మామూలుగా ఎట్లా చేస్తారు? ముహూర్తం కావాలన్నారు, భోజనాలు కావాలన్నారు. ముహూర్తం పెట్టమంటే పంతులుగారు తల పట్టుకున్నాడు. "చంద్రుడి మీద కూర్చుని చంద్రబలం ఎట్టా చూడమంటారయ్యా?" అన్నాడు. ఒంగోలు పంచాంగం చాలని సగం మంది, ఇక్కడి పొద్దు లెక్కే కట్టాలని సగం మంది. ఆ తగువు అట్లా ఏళ్లు నడిచింది. పైగా ముసలివాళ్లు, ‘గట్టిగా ఉన్నాడుగా, ఇప్పుడే వారసుణ్ణి పెట్టడమంటే బతికున్న మనిషికి పిండం పెట్టినట్టు’ అన్నారు.

ఆ రెండో చెయ్యి హైమదే కావాలని మా ఆయన ఆశ. అది పోయాక ఆయన ఆ మాటే ఎత్తలేదు. ఇంకొకరి చెయ్యి తన చెయ్యి కింద పెట్టించుకోలేకపోయాడని నాకిప్పుడు తెలుస్తోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని కూర్చున్నాం అందరం.

డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఓడ వచ్చేదాకా రాఘవమ్మ ఉండదని చెప్పాడు. ఆవిడ తర్వాత వరసలో బోరు కుర్రాళ్లున్నారనీ చెప్పాడు.

యోహాను ఇంటికి వచ్చిన రోజు

యోహాను, ఆయన కూతురు తబిత ఇద్దరూ వచ్చారు. తబిత మా హైమతో కలిసి చదువుకుంది. మంచినీళ్లిచ్చినా తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నారు. ఏదో కానిమాట తెచ్చారని అప్పుడే అనుకున్నాను.

"అక్కా, ఒక దారుంది" అన్నాడు యోహాను. "బావ అనుమతిచ్చింది ఆ పేరుకే, లోపల ఏముందో ప్రింటరు చూడదు. హైమ మల్లెపువ్వు అని పేరుంటే చాలు, లోపల జల్లెడ కొలతలున్నా తీసేస్తది."

"అయితే ఆ కొలతలు వెయ్యండి, నన్నడిగేదేముంది?"

తబిత తల దించుకునే చెప్పింది. "అది చదువుకునేటప్పుడు రాసింది కదత్తా. దాన్లో ఒక్క వస్తువుకే చోటు పెట్టింది. కొత్త కొలతలేస్తే పాతవి పోతాయి."

"పాతవి ముందు తీసి వేరేచోట పెట్టుకోండి."

"తియ్యాలంటే ఇంకో ప్రోగ్రాం దాన్ని ముట్టుకోవాల. ఆ ఇంకోదానికి అనుమతి లేదు. లోపల ఏం రాసిందో చూడ్డానికి కూడా లేదు. పైనుంచి కొత్తవి వెయ్యడం ఒక్కటే అవుద్ది."

నాకు కాసేపు చెవుల్లో ఏమీ వినపడలేదు. తర్వాత అరిచాను. నా పిల్ల ఒక్కసారి పోయింది చాలదా, మళ్లీ నా చేత్తోనే పంపమంటారా అన్నాను. మీ ఇంట్లో పిల్ల నిక్షేపంలా ఉంది కాబట్టి ఎన్నయినా చెబుతారన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. యోహాను లేచి, "నువ్వనకపోతే ఎవరంటారక్కా" అని కూతుర్ని తీసుకుని వెళ్లిపోయాడు. తబిత గుమ్మం దాటాక ఏడ్చింది.

ప్రాణం ఎక్కడ, పువ్వెక్కడ? ఆ లెక్క తెలియనంత పిచ్చిదాన్ని కాను. అడగాల్సిన ప్రశ్నే కాదది. జవాబు తెలిసీ చెయ్యి రాకపోవడం ఇదే నాకు మొదటిసారి.

ఇదివరకు సాయంత్రమయ్యేసరికి పువ్వును మళ్లీ పొడిలో కలిపేసేవాళ్లం, అదీ నియమమే. ఆయన పోయినప్పట్నుంచీ ఒక్కటీ ఇవ్వలేదు. అన్నీ డబ్బాలో పెట్టుకున్నాను. ఇవాళ డబ్బా తీసి అన్నిటినీ మంచం మీద పరిచి చూసుకున్నాను. ఏ రెండూ ఒకలా లేవు.

రాఘవమ్మతో పోట్లాట

సంగతి ఎవరు మోశారో, మా వదినకు తెలిసిపోయింది. గోడ పట్టుకుంటూ మా ఇంటికి వచ్చింది.

"ఏమే వెంగమ్మా, పిల్ల పువ్వు తీసి నా గొంతులో పెడతావంట?"

"ఇంకా ఏమీ అనుకోలేదు వదినా, కూర్చో ముందు."

"అనుకోబాక కూడా. నాకు పిల్లా జెల్లా లేరు. నేనెత్తుకుని తిప్పింది దాన్నొక్కదాన్నే. నా ఒళ్లోనే పళ్లొచ్చినయ్యి దానికి. కాటికి కాళ్లు చాపుకున్నదానికి ఊపిరి కావాలని దాని పేరు తుడిచేస్తారా? చేశావంటే నా మీద ఒట్టు!"

"నిన్ను బతికించినందుకు నీ మీద ఒట్టా? తప్పితే పోయేది నువ్వే కదా. ఒట్టు పెట్టుకోవడం కూడా సరిగా రాదు నీకు" అన్నాను.

నవ్వబోయింది. ఆ నవ్వు దగ్గులోకి దిగి, మాట పడిపోయింది. పెదవులు నీలంగా అయ్యాయి. నేను పట్టుకుని మంచం మీద పడుకోబెడుతుంటే నా తల్లో పువ్వు జారింది. ఊపిరి అందని ఆ మనిషి, రెండు చేతులూ ఎత్తి, ఆ పువ్వును సరిగ్గా కుదిర్చి పిన్ను పెట్టింది.

ఇక నావల్ల కాలేదు. వీధి చివరున్న యోహాను ఇంటికి పరిగెత్తి తలుపు కొట్టాను. "రండి, వేసేద్దాం" అన్నాను. నేనన్న మాట మనసులో పెట్టుకోవద్దని కూడా అన్నాను. తబిత అప్పటికే చెప్పులేసుకుంటోంది.

అదే రోజు, ప్రింటరు గది

డాక్టరు దగ్గర జల్లెడ కొలతలు చూడ్డానికి ఉన్నాయి, ప్రింటు తీయడానికే లేదు. డాక్టరు చదువుతుంటే తబిత హైమ ప్రోగ్రాంలో ఒక్కొక్కటే వేసింది. మధ్యలో యోహాను ప్రింటరు పొట్ట తెరిచి చూసి, "పొడి చాలదు" అన్నాడు. గోదాంలో బస్తాలున్నాయి. ఆ తలుపుకీ అడ్మిన్ చెయ్యే కావాలి. పగిలిన గిన్నెల్లాంటి గట్టివి కరిగించి పొడి చెయ్యాలంటే రోజులు పడుతుంది, పలచని రేకులైతే వెంటనే పొడవుతాయి.

నేనేమీ అడక్కుండానే ఇంటికెళ్లి డబ్బా తెచ్చాను. పువ్వులన్నీ ఒక్కొక్కటే పొడి చేసే గిన్నెలో వేశాను. మొదటిది వేసేటప్పుడు చెయ్యి ఆగింది, తర్వాత ఆగలేదు. యోహాను మళ్లీ తూచాడు. తూచి నా తలకేసి చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

"ఇదీ కావాలా?"

"కావాలక్కా."

"ఒక్కటన్నా ఉంచుకోకూడదా?"

ఆయన గిన్నె మూత తీసి పట్టుకున్నాడు. పిన్నులు తీసి, వదిన కుదిర్చిన ఆ పువ్వును కూడా గిన్నెలో వేశాను. అది పొడయ్యేటప్పుడు చప్పుడు కూడా రాలేదు.

‘కొత్త కొలతలు వేస్తే హైమ మల్లెపువ్వు పాత కొలతలు శాశ్వతంగా పోతాయి. వేయమంటారా?’ అని అడిగింది ప్రింటరు. దీనికి అడ్మిన్ అక్కర్లేదట, ఎవరు చెప్పినా చాలట. తబిత వేలు ఎత్తి నొక్కలేక నిలబడిపోయింది.

"నువ్వు జరుగమ్మా. ఆ పాపం నీకెందుకు" అని నేనే నొక్కాను.

కొలతలు మారగానే ఒకసారి తీసి చూపించేట్టు హైమ రాసిందట, ప్రింటరు కదిలింది. కాసేపటికి తట్టలో బొటనవేలంత జల్లెడ ఒకటి తెల్లగా వచ్చి పడింది. ‘హైమ మల్లెపువ్వు పూర్తయింది’ అంది ప్రింటరు. డాక్టరు దాన్ని తీసుకుని పరిగెత్తాడు. నేను కుర్చీలో కూలబడి గట్టిగా ఏడ్చాను. ఆయన పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు.

ఓడ కోసం చూస్తున్న రోజుల్లో ఒకటి

మా వదిన బతికింది. గొంతు మాత్రం పోయింది. పూడిన జల్లెడ లోపల కోసేసిందట, ఇక రాదన్నాడు డాక్టరు. ఊరంతటినీ ఒక్క కేకతో లేపే గొంతు అది. ఇప్పుడు నన్ను తిట్టాలంటే గరిటెతో గిన్నె మీద కొడుతుంది. నేను జవాబుగా మూత మీద కొడతాను. అట్లా రోజు వెళ్లిపోతోంది.

ఒక్కోసారి ఆవిడ పడుకున్నాక పక్కన కూర్చుని ఊపిరి వింటాను. సన్నగా, శుభ్రంగా వస్తుంది. నా పిల్ల పువ్వులన్నీ అక్కడే ఉన్నాయి.

రోజూ పొద్దున హైమ పెట్టిన వేళకే ప్రింటరు తనంతట తను లేస్తుంది. ‘హైమ మల్లెపువ్వు పూర్తయింది’ అంటుంది. తట్టలో జల్లెడ పడుతుంది. పాతది కరిగించి పోస్తున్నాం కాబట్టి పొడికి లోటు లేదు. బోరు కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తీసుకుంటున్నారు. ‘అత్తా, ఇవాళ మల్లెపువ్వు నాది’ అంటారు, పెద్దగా ఆలోచించకుండానే. జల్లెడకి ఆ పేరే పడిపోయింది. నేనూ దిద్దలేదు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా అలవాటుగా చెయ్యి తల మీదికి పోతోంది.

ఓడ వచ్చాక

ఓడలో వచ్చినావిడ కొత్త అధికారి. నెమ్మదైన మనిషి. అడ్మిన్ ఎవరు కావాలని ఊరిని అడిగితే అందరూ నా పేరే చెప్పారు. నాకు చదువు లేదు, నేనేం చేస్తానంటే, "నీకన్నా ఎవరు చేశారక్కా?" అన్నాడు యోహాను. పంతులుగారు ఈసారి పంచాంగం తేలేదు. వచ్చినావిడ చెయ్యి కింద నా చెయ్యి పెట్టాం. అది అయిన వెంటనే, ఆ నిలబడిన చోటే, నా చెయ్యి కింద తబిత చెయ్యి పెట్టించాను. ముహూర్తం లేదు, భోజనాలు లేవు. తబిత చెయ్యి నా చెయ్యి కింద వెచ్చగా తగిలింది. ఆ చోట ఇంకో చెయ్యి ఉండాల్సింది. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు.

అందరూ వెళ్లిపోయారు. మా వదిన ఒక్కతే మూల బల్ల మీద కూర్చుని ఉంది. తబిత కూడా కదల్లేదు.

"అత్తా, నీకు చెప్పకుండా ఒకటి రాశాను" అంది. "హైమ పువ్వు నాకు గుర్తున్నంత వరకు వేశాను. అన్ని వంపులూ రాలేదు. అప్పుడే ఒక్కటన్నా కొలిచి పెట్టుకోవాల్సింది, ఆ కంగారులో తోచలేదు." కాస్త ఆగి మళ్లీ అంది, "ఇంకో సంగతి. ఓడలో పూల పుస్తకం వచ్చింది. దాన్లో మల్లెపువ్వు గోరంత అని రాశారు. మేం చూసిందేమో అరచెయ్యంత. ఏది నిజం? నువ్వు కింద పుట్టినదానివి, నువ్వే చెప్పాల."

నా కళ్ల ముందు కనిగిరి సంతలో గంప కనిపించింది. దోసెడు ఎత్తితే పట్టనన్ని మొగ్గలు. వాటి వాసన కూడా వచ్చినట్టయింది.

మూలనుంచి బల్ల మీద టకటకా కొట్టిన చప్పుడైంది. ఇద్దరం తిరిగి చూశాం. మా వదిన తన కుడిచెయ్యి ఎత్తి, వేళ్లు బాగా చాపి, అరచెయ్యి తబితకు చూపిస్తోంది. ఇంత, అన్నట్టు. ఆవిడ కళ్లు మాత్రం నన్నే చూస్తున్నాయి.

"అంతే ఉంటదమ్మా" అన్నాను. "పుస్తకం రాసినవాళ్లు సరిగా చూసుండరు."

తబిత కొలతలు దిద్దుకుని, ప్రోగ్రాంను ప్రింటరుకిచ్చింది. జల్లెడకి ఇక దాని సొంత ప్రోగ్రాం చాలు కాబట్టి, పాతదాన్ని శాశ్వత అనుమతితో సహా తీసేసి, దీనికి హైమ పేరే పెట్టింది. చాలా కాలం తర్వాత ఆ గొంతు అడిగింది, ‘హైమ మల్లెపువ్వు ప్రింటరును వాడుకోవాలనుకుంటోంది. అనుమతిస్తారా?’ అని. నేను పలక మీద నా చెయ్యి పెట్టాను. మొదటిసారి ఆ పలక నన్ను గుర్తుపట్టింది. తట్టలో పువ్వు పడింది. రేకులు కాస్త బిరుసుగా ఉన్నాయి, హైమ చెయ్యి కాదు. అయినా అరచెయ్యంత ఉంది. మా వదిన లేచి వచ్చి నా తల్లో పెట్టింది.

‘ఈ ప్రోగ్రాంకు శాశ్వతంగా అనుమతి ఇవ్వమంటారా? లేక ప్రతిసారీ మిమ్మల్ని అడగాలా?’ అంది ప్రింటరు.

ఆయన ఇక్కడే, ఇదే ప్రశ్నకు, ఇక నన్ను అడగొద్దన్నాడు. ఆయన బాధ ఆయనది, నేను తప్పుపట్టను. కానీ ఇప్పుడు ఈ ఊళ్లో మల్లెపువ్వు అడిగితే జల్లెడ ఇస్తారు. నా పిల్లను హైమ అని పేరెత్తి పలికేది ఇదొక్కటే గొంతు.

"ప్రతిసారీ అడుగు" అన్నాను.